ముఖం మీద పోసింది అమ్మవారు కాదు

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో చర్మం డాక్టరంటే తామర డాక్టరనే అర్థం. ప్రభుత్వాసుపత్రిలో మా విభాగానికి మెట్ల కింద ఒక గది ఇచ్చారు. గజ్జి, తామర, బొల్లి, కుష్ఠు, ఇవే మా పని. మాది మనుబోలు దగ్గర వరి పండించుకునే ఇల్లు. "ఇంత చదువు చదివింది గజ్జి చూడ్డానికా?" అని మా మేనత్త నలుగురిలో అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు అదే చర్మం చదువు కోసం పిల్లలు ఎగబడుతున్నారు. ఎందుకో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. గజ్జి మీద ప్రేమతో మాత్రం కాదు.

రిటైరయ్యాక కావలిలో కొన్నేళ్ళు సొంతంగా ప్రాక్టీసు చేసి, చూపు మందగించగానే అదీ మానేశాను. ఇప్పుడు పెళ్ళిలో కనిపించినా, రైల్లో కనిపించినా జనం నన్ను అడిగేది ఒకటే. ముఖం మీద గుంటలున్నాయి, లేజరు చేయించుకోవాలి, ఎవరి దగ్గరికి వెళ్ళమంటారు? కొత్తగా చర్మం డాక్టర్లవుతున్న పిల్లలు అడిగేది ఇంకొకటి. లేజరు ఎక్కడ నేర్చుకోమంటారు మేడమ్? రెండు ప్రశ్నలకూ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను. నా ప్రమోషన్లూ బదిలీలూ ఎవరికీ అక్కర్లేదు కనుక వాటి జోలికి పోను. ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేర్లు మార్చాను.

ఆయన ఇంట్లో లేని మాట

ముందు మా పెద్ద డాక్టరు గారి గురించి రెండు ముక్కలు. మా విభాగానికి ఆయనే అధిపతి. మంచివాడని నేను అనను. కోపం వస్తే చేతిలో ఏముంటే అది విసిరేవాడు. సెలవు అడిగితే ఇంట్లో ఎవరు పోయారని అడిగేవాడు. కానీ రోగిని ప్రశ్న అడగడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఒకరోజు చిల్లకూరు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. మెడ మీద ఒక పెద్ద పులిపిరి కాల్చాలి. నా తోటి డాక్టరు అతన్ని, "ఇంతకుముందు ఏమన్నా చర్మ వ్యాధులు వచ్చాయా?" అని అడిగాడు. రైతు లేదన్నాడు. పక్కనే ఉన్న పెద్ద డాక్టరు గారు కుర్చీ లాక్కుని రైతు ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మవారు పోసిందా ఎప్పుడన్నా?"

"పోసింది సార్, చిన్నప్పుడు."

"వేడి చేస్తే మూతి పేలతదా?"

"ఎండాకాలమొస్తే పేలకుండా ఉండేదే లేదు."

"చెవి కుట్టించినచోట కాయ కట్టిందా?" అని అడుగుతూనే చెవి పట్టుకుని చూశాడు. కట్టింది. కాల్చితే ఆ మెడ మీద కూడా అలాంటి కాయే లేస్తుంది. వద్దని పంపించేశాడు.

ఆ తరువాత నా తోటి డాక్టరు వైపు తిరిగి, "ఆయన అబద్ధం చెప్పలేదయ్యా. నువ్వు అడిగిన మాట ఆయన ఇంట్లో లేదు" అన్నాడు. ఆయన నోటి నుంచి నేను విన్న వాటిలో తిట్టు కాని మాటలు కొన్నే, వాటిలో ఇదొకటి.

మన వైపు అమ్మవారు జబ్బు కాదు. ఇంటికి వచ్చిన దేవత. మూతి పేలడం కూడా జబ్బు కాదు, వేడి. సబ్జా గింజలు నానబెట్టి తాగితే, కొబ్బరినీళ్ళు తాగితే పోతుందనుకుంటారు. నిజానికి పెదవి అంచున పొక్కులు లేపేది హెర్పిస్ అనే వైరస్. పొక్కులు మాడిపోయాక అది నరంలో దాక్కుని పడుకుంటుంది. ఎండ తగిలితే లేస్తుంది, జ్వరం వస్తే లేస్తుంది. ముఖాన్ని కాలిస్తే తప్పకుండా లేవాలని చూస్తుంది. లేజరు చేసేది ముఖాన్ని కాల్చడమే. మెత్తటి పేర్లు ఎన్ని పెట్టినా పై చర్మాన్ని సన్నసన్నటి చుక్కలుగా కాల్చి, కింద నుంచి కొత్త చర్మం వచ్చేలా చేయడమే దాని పని. కొత్త చర్మం వచ్చేదాకా ఆ ముఖం పచ్చి పుండు.

లావణ్య

లావణ్యది బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఒక పల్లె. నాన్న వేటకు పోతాడు, అమ్మ అంకమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. లావణ్య కావలిలో బ్యూటీషియన్ పని నేర్చుకుని పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేసేది. చెయ్యి మంచిదని పేరు. తన ముఖం మీద మాత్రం మొటిమలు వచ్చి పోయిన గుంటలు, రెండు చెంపల నిండా.

మొదటిసారి కావలిలో నా ప్రాక్టీసుకు వచ్చినప్పుడు నవ్వుతూనే చెప్పింది. "మేడమ్, మొన్న పెళ్ళికూతురి వాళ్ళమ్మ అడిగింది, నీ ముఖమే బాగుచేసుకోలేనిదానివి మా పిల్లకేం చేస్తావని. నేను మొఖానికి చున్నీ కట్టుకుని మేకప్ చేసినా ఆరోజు."

నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆమెకు ఆ ముఖం అందం సంగతి కాదు, అన్నం సంగతి. అది గ్రహించని డాక్టరు ఎవరైనా ఆమెకు ఉపన్యాసం ఇచ్చి పంపిస్తాడు.

నేను చూశాను. మొటిమలు ఇంకా పూర్తిగా తగ్గలేదు. దానికి తోడు మందుల షాపువాడు ఇచ్చిన తెల్లబడే క్రీము రాస్తోంది. స్టెరాయిడ్ కలిపిన ఆ క్రీములు చర్మాన్ని పల్చటి కాగితం చేస్తాయి. ముందు ఆ క్రీము మానాలి, మొటిమలు ఆగాలి, ఎండ తగలకుండా చూసుకోవాలి, ఆ తరువాతే లేజరు సంగతి అన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను. లేజరు నేను చెయ్యను. నాకు ఆ పని రాదు. చర్మం చదువు చదివినంత మాత్రాన లేజరు వచ్చినట్టు కాదు. అది విడిగా, ఒకరి పక్కన చాలాకాలం నిలబడి నేర్చుకోవాల్సిన పని. మా కాలంలో నేను నేర్చుకోలేదు. చెన్నైలో నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ పేరు చెప్పాను.

"చెన్నై దాకా ఎందుకు మేడమ్, నెల్లూరులోనే కొత్త మిషను వొచ్చిందంట. కొరియాదంట" అంది.

"మిషను ఎవరు పట్టుకుంటారో అడిగావా?"

"అక్కడ మంచి డాక్టరే ఉన్నాడు మేడమ్. బోర్డు మీద పేరుంది, చదువులన్నీ ఉండాయి."

మనవాళ్ళు జ్వరానికి డాక్టరు దగ్గరికి పోవాలంటే కూడా హస్తవాసి అడుగుతారు. ఆయన చెయ్యి మంచిదా, ఆయన చేత్తో సూది వేస్తే తగ్గుతుందా అని ఊరంతా విచారిస్తారు. సైన్సు తెలిసినదాన్నని ఆ మాట విన్నప్పుడల్లా నేను విసుక్కునేదాన్ని. లేజరు వచ్చాక అదే జనం చెయ్యి సంగతి మరిచిపోయి మిషను ఏ దేశానిదని అడుగుతున్నారు. వాళ్ళ పాత ప్రశ్నే నయం. హస్తవాసిని నేను నమ్మను కానీ, ఎవరి చెయ్యి అని అడగడం మాత్రం సరైన ప్రశ్న.

లావణ్య క్రీము మానింది. మొటిమలు చాలావరకు తగ్గాయి. పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడుతున్నాయని చెన్నై మాట పక్కనపెట్టి నెల్లూరు క్లినిక్‌కే వెళ్ళింది.

ఫోన్

ఒక ఉదయం లావణ్య ఫోన్ చేసింది. మాట ముద్దగా వస్తోంది, పెదవులు కదపలేని మనిషి మాట్లాడినట్టు. "మేడమ్, ఒకసారి చూస్తారా" అనేలోపే అంకమ్మ ఫోన్ తీసుకుంది.

"ఏమనుకోవద్దు డాక్టరమ్మా. బిడ్డకి అమ్మవారు పోసింది. ఇప్పుడు మందులూ మాకులూ వొద్దు. తల్లి దిగిపోయినాక తీసుకొస్తా."

"ఎక్కడెక్కడ పోసింది?"

"మొఖమంతా పోసింది."

"ఒంటి మీద?"

"ఒంటి మీద ఒక్కటి గూడా లే."

ఆటలమ్మ ఎవరికి పోసినా ముందు కడుపు మీద, వీపు మీద కనిపిస్తుంది. ఒళ్ళంతా వదిలేసి లేజరు చేసిన మేరకే, గీత గీసినట్టు ముఖానికే పోయదు. లేజరు ఎప్పుడు చేయించుకుందని అడిగాను. చేయించుకున్న కొద్ది రోజులకే పొక్కులు మొదలయ్యాయి. క్లినిక్‌కి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, "అలాగే ఉంటుందండీ, పొట్టు రాలిపోతుంది, చల్లటి గుడ్డ వేసుకోండి" అందట. ఆ మరునాటికి పొక్కులు చెంపలకు పాకాయి. అంకమ్మ చూసి, ఇది అమ్మవారే అని తేల్చుకుంది. నాకు ఫోన్ వచ్చేసరికి అలా మూడు నాలుగు రోజులైంది.

కారు తీసుకుని బోగోలు పోయాను. గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. వేటకు పోయే ఇంట్లో చేప వండడం మానేశారు, పొయ్యి మీద తాలింపు పెట్టడం లేదు. లావణ్యను తెల్ల గుడ్డ మీద పడుకోబెట్టి అంకమ్మ వేపాకుతో విసురుతోంది. ముఖం చూడలేకపోయాను. ఇంత అనుభవం ఉన్నదాన్ని, తల పక్కకు తిప్పుకున్నాను. పొక్కులు చిట్లి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎడమ కన్ను రెప్ప దాకా వచ్చాయి. కంట్లోకి దిగితే చూపు పోతుంది. నాకు అప్పుడు కావలసింది ఒక్కటే, ఆ కన్ను.

కేకలు వేద్దామనిపించింది. వేస్తే ఏమవుతుందో తెలుసు. ఇల్లంతా అడ్డం నిలబడుతుంది. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, అంకమ్మ పక్కన కింద కూర్చున్నాను.

"అంకమ్మా, లావణ్యకి చిన్నప్పుడు అమ్మవారు పోసిందా?"

"పోసింది. నడిచే వయసులో. ఒళ్ళంతా పోసింది, మూడు నీళ్ళు పోసినాం."

"ఒకసారి వొచ్చి, నీళ్ళు పోయించుకుని పోయిన తల్లి మళ్ళీ అదే బిడ్డ మీదికి వస్తుందా?"

అంకమ్మ చేతిలో వేపాకు ఆగింది. కూతురి ముఖం మీదికి వంగి చూసింది.

"రాదు" అంది. "మరి ఇదేంది?"

"ఎండాకాలం దీనికి మూతి పేలతదా?"

"వేడికి పేలేది. ఏటేటా పేలేది."

"అదే ఇది. కాల్చిన చర్మం మీద పాకింది. కంట్లోకి పోతా ఉంది. ఇప్పుడే నెల్లూరు తీసుకపోవాలి."

అంకమ్మ లేచి గుమ్మం వేపమండలు తనే విప్పి, కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. దేవతను వెళ్ళగొట్టలేదు. ఇది నీ పని కాదు తల్లీ అని చెప్పి పంపినట్టు నాకనిపించింది. లావణ్యను నా కారులోనే తీసుకుపోయాం. దారి పొడుగునా అంకమ్మ ఆ పిల్ల చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది, ముఖం గోక్కోకుండా.

ఆసుపత్రిలో సెలైన్ ద్వారా మందు ఎక్కించారు, కంటి డాక్టరు పొద్దునా సాయంత్రం చూశాడు. కన్ను దక్కింది. కుడి చెంప మానింది. ఎడమ చెంప మీద ఇదివరకటి గుంటల స్థానంలో గట్టి నల్లటి మచ్చలు మిగిలాయి. అవి పోవు.

బోర్డు మీద పేరు

ఆ క్లినిక్ బోర్డు మీద పేరున్న డాక్టరును వెతుక్కుంటూ పోయాను. దొంగ డాక్టరై ఉంటాడని, నాలుగు దులిపి రావచ్చని ఆశపడ్డాను. కాదు. చదువు నిజం, రిజిస్ట్రేషను నిజం, లేజరు కూడా బాగా నేర్చుకున్నవాడే. ఇంకో ఊళ్ళో ఉంటాడు, ఈ క్లినిక్‌కి ఎప్పుడో ఒకసారి వస్తాడు. మిగతా రోజుల్లో మిషను అమ్మినవాళ్ళు వచ్చి నేర్పిపోయిన ఒక అమ్మాయి పని కానిచ్చేస్తుంది.

"ఆ పేషెంటుని నేను చూడనేలేదు మేడమ్" అన్నాడు. అది తన తప్పు లేదని చెప్పడానికి అన్నాడు. నాకు మాత్రం అదే తప్పు.

"హెర్పిస్ హిస్టరీ అడిగారు మేడమ్, లేదని చెప్పింది" అన్నాడు మళ్ళీ.

"వేడి చేస్తే మూతి పేలుతుందా అని అడిగారా?"

అతనికి అర్థం కాలేదు. నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగిన కుర్రాడు, వాళ్ళమ్మ కూడా అదే మాట అని ఉంటుంది. చదువులో పడి మరిచిపోయాడు. సరే, అడగలేదు. ముఖమంతా లేజరు చేసేటప్పుడు చరిత్ర ఉన్నా లేకపోయినా ముందు రోజు నుంచే ఆ వైరస్‌కి మాత్రలు ఇవ్వాలి కదా అన్నాను. ఇవ్వాలన్నాడు. అతనికి తెలుసు. తెలిసిన మనిషి ఆ గదిలో లేడు, అంతే.

నేను లేస్తుంటే అతను అడిగింది ఒకటే ప్రశ్న. "వాళ్ళు కేసేమన్నా పెడతారంటారా మేడమ్?"



ఎవరి దగ్గరికి పోవాలి

అందుకని, అడిగినవాళ్ళకు నేను చెప్పేది ఇది. చదువు చూడండి. చర్మవైద్యంలో పీజీ చేసి, రాష్ట్ర వైద్య మండలిలో పేరున్న మనిషేనా అన్నది మొదట చూసుకోవాలి. అడగడానికి మొహమాటపడకండి. చీర కొనేటప్పుడు రెండువైపులా తిప్పి చూస్తాం, మన ముఖం సంగతికి వచ్చేసరికి మర్యాద గుర్తొస్తుంది. కానీ అక్కడితో ఆగిపోతే లావణ్యలాగా బోర్డు చదివి కూర్చుంటారు. ఆ డాక్టరే నన్ను చూస్తాడా, మిషను ఆయనే పట్టుకుంటాడా అని అడగండి. మన రంగు చర్మం మీద ఎన్నాళ్ళుగా చేస్తున్నారని అడగండి. మన చర్మం కాలితే నల్లబడుతుంది. తెల్ల చర్మం ఫొటోలు గోడకు తగిలించినవాళ్ళు ఆ సంగతి చెప్పరు. చెవి వెనకో, దవడ కిందో చిన్న ముక్క మీద చేసి, కొన్ని వారాలు ఆగి చూద్దామనే డాక్టరు తొందరపెట్టే డాక్టరు కంటే నయం. గుంటలు మొత్తం పోతాయని చెప్పినవాడి దగ్గర నుంచి లేచి రండి. పోవు, తగ్గుతాయి.

అన్నిటికంటే ముఖ్యం, చేసిన తరువాత ముఖం మీద ఏదైనా వస్తే నేను ఎవరితో మాట్లాడాలి అని అడగండి. ఫోన్ ఎత్తేది డాక్టరా, రిసెప్షన్‌లో అమ్మాయా? లేజరు మంచి చెడ్డలు మిషను ఆపిన తరువాత వారంలో తేలతాయి. ఆ వారంలో మీకు దొరకని డాక్టరు ఎంత చదివితే ఏం?

చర్మం డాక్టర్లవుతున్న పిల్లలకు చెప్పేదీ దాదాపు ఇదే. మీ పేరు ఏ బోర్డు మీద ఉందో ఆ గదిలో మీరుండాలి. ఉండలేకపోతే పేరు తీయించండి. రోగి ఇంట్లో జబ్బును ఏ మాటతో పిలుస్తారో ఆ మాటతో అడగండి. పంపించే ముందు వెంట వచ్చిన ముసలమ్మనో, అమ్మనో లోపలికి పిలిచి, పొక్కులు వస్తే అది అమ్మవారు కాదు, నాకు ఫోన్ చెయ్యండి అని చెప్పండి. రెండు వాక్యాలు పడుతుంది. ఇలా చెప్పడం నామోషీ అనుకునేవాళ్ళు ఈ వైపు ప్రాక్టీసు పెట్టకండి.

అంకమ్మ

లావణ్య మళ్ళీ మేకప్ పనికి పోతోంది. చున్నీ కట్టుకోవడం మానేసింది. కొందరు పిలవడం మానేశారు, కొందరు పిలుస్తున్నారు. ఎడమ చెంప గురించి అడిగినవాళ్ళకు జరిగింది జరిగినట్టు చెబుతుందట. ఇద్దరు ముగ్గురు పెళ్ళికూతుళ్ళు లేజరు మాట మానుకున్నారని చెప్పింది. నాకు సంతోషమూ కలగలేదు, బాధా తగ్గలేదు.

కొన్ని నెలల తరువాత ఒక మధ్యాహ్నం అంకమ్మ ఒక్కతే కావలి వచ్చింది. ఎండు సొరచేప తెచ్చి వంటింట్లో పెట్టి, నా ఎదురుగా కింద కూర్చుంది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. చాలాసేపు ఊళ్ళో మాటలు చెప్పింది. నాకు తెలుసు, ఆమె వచ్చింది అందుకు కాదు.

"డాక్టరమ్మా, నిజం చెప్పాల నువ్వు" అంది చివరికి. "ఆ మూడు నాలుగు రోజులు మందు పెట్టనీకుండా నేనే గదా అడ్డం కూర్చునింది. నా బిడ్డ చెంప నేనే గదా పాడుచేసినా?"

కుష్ఠు ఉందని చెప్పాను చాలామందికి. చర్మం కేన్సరని చెప్పాను. వాటికంటే ఈ జవాబు కష్టమైంది. కాదు అని ఒక్క మాటలో అనేయవచ్చు. అంటే నమ్మదు, అబద్ధమని తెలిసి జీవితాంతం లోలోపల కుమిలిపోతుంది.

"ఆలస్యం కొంత చేసింది అంకమ్మా" అన్నాను. "లేదని అబద్ధం చెప్పను. కానీ అలాంటిది వస్తుందని, వస్తే ఏం చెయ్యాలో నీకు చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. నీకు తెలిసింది నువ్వు చేసినావు. తిండి మాని బిడ్డ పక్కనే కూర్చున్నావు. చెయ్యాల్సినవాళ్ళు అది కూడా చెయ్యలేదు."

అంకమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"ఆ డాక్టరు గూడా వొచ్చి నిన్ను ఇట్టా అడిగినాడామ్మా?"

"లేదు" అన్నాను.